తెలిసినవాడి వెంట నడవండి: కొండ కింది పొదల్లో పక్షుల్ని చూసే విద్య

కళ్లుంటే చాలు, చూడటం వచ్చేసినట్టే అనుకుంటాం. పొలం గట్టు మీద ఒక్క ఉదయం నిలబడితే ఆ నమ్మకం సడలుతుంది. దున్నిన చెలకలో మనకు మట్టిపెళ్లలు తప్ప మరేమీ ఆనవు. అక్కడే గేదెల్ని మేపుకునే మనిషి వేలు చాపి ఇదొకటి, అదొకటి అంటూ పిట్టల్ని వరసగా చూపిస్తాడు. ఆయన కంటిచూపు మనకంటే పదునైనదేం కాదు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో, ఏ అలికిడికి ఆగిపోవాలో ఆయనకు తెలుసు. ఈ తెలివిలో కొంత పుస్తకాల్లో దొరుకుతుంది. మిగతాదంతా ఆయన వెనక నడిస్తేనే వస్తుంది.

ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఆ నడకే. ఒకరు చూపిస్తుంటే చూడటం, చూసింది ఉన్నదున్నట్టు రాసుకోవడం, చూపించిన మనిషి పేరు మరవకపోవడం. పక్షుల దగ్గర ఈ మూడూ పట్టుబడితే మగ్గం దగ్గరైనా, ఆఫీసులోనైనా పెద్దవాళ్ల పనితనాన్ని అందుకోవడం తేలికవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఇంటికి దగ్గరలో మొదలుపెట్టండి. ఉదాహరణకు గుజరాత్‌లో సూరత్‌కు ఉత్తరాన, ఓల్పాడ్ తాలూకాలో, ముంబై నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు దారి మీద కిమ్ అనే ఊరు ఉంది. పక్కనే అదే పేరున్న నది పడమటికి పారి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. సూరత్ మగ్గాల్ని నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఈ ప్రాంతం కొత్తది కాదు. ఊరు దాటితే చెరకు తోటలు, వరిమళ్లు, కాలవ గట్లు, బీడు పడ్డ చోటల్లా సర్కారు తుమ్మ. తూర్పుగా మాంగ్రోల్, ఉమర్‌పాడా వైపు వెళ్లేకొద్దీ నేల పైకి లేస్తుంది. పొదలు, టేకు చెట్లు, గుట్టలు మొదలవుతాయి. పొలమూ పొదా కొండా కలిసే ఇలాంటి అంచుల్లో రకరకాల పక్షులుంటాయి. పొలంలో గింజ, పురుగు. పొదలో నీడ, గూడు. రెండూ అడుగుల దూరంలోనే దొరుకుతాయి కాబట్టి.

మొదటి రోజే అరుదైన పక్షి కావాలని పట్టుబట్టకండి. దసరా నాడు మనవాళ్లు వెతుక్కుంటూ వెళ్లి చూసే పాలపిట్ట ఇక్కడ కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది. ట్రాక్టరు చాలు తీస్తుంటే వెనకే కొంగలు నడుస్తాయి. చీలిన తోక ఉన్న నల్లటి ఏట్రింత గేదె వీపెక్కి, గడ్డిలోంచి లేచే పురుగుల్ని గాలిలోనే పట్టేస్తుంది. వానాకాలంలో నీటి ఒడ్డున తుమ్మకొమ్మలకు గిజిగాడు గూళ్లు వేలాడతాయి. చలికాలం వస్తే గులాబీ గోరింకలు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఈ మామూలు పక్షులు బాగా తెలిసిన కంటికే మామూలుగా లేనిది వెంటనే తగులుతుంది.

ఐతన్న చూపిన దారి

తెలిసినవాడి వెంట నడవడం ఎంత విలువైనదో చెప్పే ఉదంతం మన కడప జిల్లాలోనే ఉంది.

కలివికోడిని ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ ద్వారా 1848లో అది లోకానికి తెలిసింది. పొడవాటి కాళ్లు, రొమ్ము మీద రెండు ముదురు పట్టీలు, పొదల మధ్య నేల మీదే బతుకు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఆ పక్షి జాడ లేదు. ఎన్ని బృందాలు వెతికినా దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతకడానికి వచ్చినప్పుడు మ్యూజియం నమూనాలతో సరిపెట్టుకోలేదు. పక్షి బొమ్మలు పట్టుకుని ఊళ్ల వెంట తిరిగి, పిట్టల్ని పట్టడంలో ఆరితేరినవాళ్లని, పశువుల కాపరుల్ని అడిగారు. 1986 జనవరిలో లంకమల కొండల కింద రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రి పొదల్లో తిరుగుతూ టార్చి వెలుగులో ఆ పక్షిని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ల వెతుకులాటకు అక్కడ సమాధానం దొరికింది.

ఇందులో అసలు మర్మం 'రాత్రి' అన్న మాటలో ఉంది. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. దాని చుట్టాలైన కొన్ని కోర్సర్లు పగలు పొలాల్లో పరుగెత్తుతూ కనిపిస్తాయి కాబట్టి, దీన్నీ పగలే వెతకాలన్నది పుస్తకం తెలిసినవాళ్ల ఊహ. చీకట్లో ఆ పొదల్లో ఏమేం తిరుగుతాయో రాత్రిళ్లు అక్కడ నడిచిన మనిషికి తెలుసు. భరత్ భూషణ్ చేసిన గొప్ప పని అడగడం. చదువుండీ ఆయన అడిగారు, విన్నారు, ఐతన్న పేరు దాచకుండా లోకానికి చెప్పారు.

తరవాత జరిగింది చాలా ఉంది. 1988లో ఆ ప్రాంతం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైంది. అదే ఏడు కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఈ పక్షి ఉండే నేలను కాపాడటానికి తెలుగుగంగ కాలవ దారినే మార్చారు. ఆ తరవాత చాలా ఏళ్లు మళ్లీ జాడ లేకుండా పోయిన పక్షి గొంతును 2025 ఆగస్టులో కడప జిల్లా పొదల్లో పక్షి పరిశీలకులు రికార్డు చేశారు.

కనిపించని దాన్ని చదవడం

కలివికోడి మీద పరిశోధన చేసిన పి. జెగనాథన్ బృందం వాడిన పద్ధతి ఒకటి ప్రతి పరిశీలకుడూ తెలుసుకోదగ్గది. పక్షి కంటపడటం కష్టం కాబట్టి పొదల మధ్య సందుల్లో మెత్తటి మట్టి పరిచి చదును చేశారు. మర్నాడు పొద్దున్నే వచ్చి దాని మీద పడ్డ కాలి గుర్తుల్ని చూశారు. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట ఈ పక్షి అడుగులు ఎక్కువగా దొరికాయి. పొదలు దట్టంగా కమ్ముకున్నా, పూర్తిగా నరికేసినా అది ఉండదు. నడుమ ఖాళీ నేల ఉన్న పలచటి పొదలే దానికి కావాలి.

ఈ లెక్క చదివాక బీడు మీద మన చూపు మారాలి. రికార్డుల్లో పనికిరాని భూమిగా రాసి ఉన్న పొదల నేలను చదును చేయడానికి ఎవరికీ మనసు అడ్డు రాదు. అడవి నరికితే గొడవ చేసేవాళ్లు కూడా ముళ్లపొదలు పోతే పట్టించుకోరు. ఆ ముళ్లపొదల్లోనే లోకంలో మరెక్కడా లేని పక్షి బతుకుతోంది. బీడును బీడుగా గౌరవించడం పక్షుల్ని చూసేవాడు మొదట నేర్చుకోవలసిన మర్యాద.

నడకలో ఏం చేయాలి?

చూపించే మనిషిని ముందుగా వెతుక్కోండి. అనుభవమున్న పరిశీలకుడైనా కావచ్చు, పొలాల్లో పెరిగిన స్థానికుడైనా కావచ్చు. సూరత్‌లో నేచర్ క్లబ్ సూరత్ ఉంది. హైదరాబాద్‌లో ఒకప్పటి బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడకలు ఏర్పాటు చేస్తోంది. ఊళ్లో పెద్దాయన్ని అడిగితే కిమ్ వైపు 'కాకా' అని, కడప వైపు 'అన్నా' అని పిలిచి, ఆయన రోజు కూలికి తగ్గకుండా ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి. ఆయన తెలివిని ఉచితంగా వాడుకోవడం మర్యాద అనిపించుకోదు.

సూర్యోదయానికి అరగంట ముందే పొలం చేరండి. అక్టోబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. ఆకు రంగో మట్టి రంగో బట్టలు వేసుకోండి. ఆయనకు రెండడుగులు వెనక ఉండండి. పక్కకు రావద్దు, ముందుకు పోవద్దు. ఆయన ఆగితే ఆగండి. ఎందుకని అడగకుండా ముందు ఆయన చూస్తున్న దిక్కు చూడండి. ఈ చిన్న నియమం పాటించడం ఎంత కష్టమో మొదటి గంటలోనే తెలుస్తుంది. మాట్లాడాలన్న ఆత్రం, ఫోను తీయాలన్న ఆత్రం, నాకూ తెలుసని చెప్పాలన్న ఆత్రం వరసగా పైకి వస్తాయి. వాటిని గమనించి పక్కన పెట్టడమే ఇక్కడ సాధన.

ఇక చూపించడం ఎలా జరుగుతుందో చూడండి. ఎండ ఇంకా పసుపుగానే ఉంది. రాళ్లూ ఎండుగడ్డీ కలిసిన బీడు ముందు కాకా చెయ్యి ఎత్తి ఆగాడు. మీకు ఏమీ కనపడదు. ఆయన గొంతు తగ్గించి చెబుతాడు: "ఆ ఎండిన తుమ్మచెట్టు చూడు. దాని మొదట్లో నల్లరాయి. రాయికి ఎడమ పక్క, నీడ మొదలైన చోట." చెట్టు దొరికింది, రాయి దొరికింది, నీడ దొరికింది. అయినా పక్షి లేదు. అలాగే చూస్తుంటే నీడలో గుండ్రటి పసుపు కన్ను ఒకటి మిమ్మల్నే చూస్తున్నట్టు తేలుతుంది. కంటికి పైనా కిందా తెల్లటి చార. ఆ చారల నుంచి మట్టిరంగు తల, ఎండుగడ్డి పోచల్లాంటి గీతలున్న వీపు, మడిచిన పొడవు కాళ్లు ఒక్కొక్కటే విడివడతాయి. అది ఇండియన్ థిక్‌నీ. పగలంతా ఇలాంటి నీడల్లో కదలకుండా గడిపి, పొద్దు గూకాక మేతకు వెళ్తుంది. కాకా మీకు మూడు గుర్తులిచ్చాడు: చెట్టు, రాయి, నీడ. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగే ఈ వరసను మీరూ నేర్చుకోండి. రేపు మరొకరికి చూపించవలసి వస్తే "అదిగో అక్కడ" అనకుండా ఇలాగే చెప్పండి.

బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 రకం కొత్తవాళ్లకు చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది, 42 మిల్లీమీటర్ల ముందు అద్దం తెల్లవారుజాము వెలుతురునూ బాగానే పట్టుకుంటుంది. ముందు కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి సరిచేసుకోండి. తరవాత ఎడమ కన్ను మూసి, కుడి అద్దం దగ్గరి వలయం తిప్పండి. పక్షి మీదనుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి ఎత్తండి. చాలామంది తల దించి పరికరం చూసుకుంటారు, తల ఎత్తేసరికి పక్షి ఉన్న చోటు పోతుంది. తీగ మీది పాలపిట్టతో ఈ ఒక్క కదలికను పదే పదే సాధన చేయండి.

రాసుకోవడంలో నిజాయితీ

ఇప్పుడు కిమ్‌కు బాగా దగ్గరి కథ. సూరత్ జిల్లాలోనే తాపీ ఒడ్డున మాండ్వి ఉంది. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1914లో అక్కడ పట్టుకున్నట్టు చీటీ కట్టిన నమూనా ఒకటి ఇంగ్లండ్‌లో ఉండేది. ఆ చీటీ రాసినవాడు రిచర్డ్ మైనర్ట్‌జాగెన్, పేరుమోసిన సైనికాధికారి, పక్షి సేకర్త. అంతకుముందు ఆ పక్షికి 1872 నుంచి 1884 మధ్య దొరికిన ఏడు నమూనాలే ఆధారం. కాబట్టి 1914 నాటి ఆ చీటీ చాలా విలువైన సాక్ష్యమనుకున్నారు.

అమెరికన్ పరిశోధకురాలు పమేలా రాస్‌ముస్సెన్ ఆ నమూనాను క్షుణ్ణంగా పరీక్షించి మోసం బయటపెట్టారు. జేమ్స్ డేవిడ్‌సన్ మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో ఎప్పుడో సేకరించి మ్యూజియానికి ఇచ్చిన పక్షినే మైనర్ట్‌జాగెన్ కాజేసి, మళ్లీ కుట్టి, కొత్త చోటు, కొత్త తేదీ, తన పేరు తగిలించాడు. ఆ అబద్ధాన్ని పక్కన పెట్టి, నిజమైన పాత నమూనాలు దొరికిన చోట్లనే నమ్ముకుని రాస్‌ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ అబాట్ వెతకడానికి వచ్చారు. 1997 నవంబరు 25న మహారాష్ట్రలోని షహాదా దగ్గర, సాత్పురా కొండల కింద, పట్టపగలు చెట్టు మీద కూర్చున్న ఫారెస్ట్ ఔలెట్ వాళ్లకు కనిపించింది. తరవాత గుజరాత్ డాంగ్ జిల్లాలోని పూర్ణా అభయారణ్యంలోనూ దొరికింది.

ఒక తప్పుడు చీటీ పక్షి ఉండే చోటును పటంలోనే తారుమారు చేసింది. నూరేళ్లకు పైగా పాతబడిన నిజమైన చీటీలు పక్షి దగ్గరికే తీసుకెళ్లాయి. మీ నోట్‌బుక్‌లో రాసే వరస ఎంత చిన్నదైనా ఈ రెండింటిలో ఏదో ఒక కోవకు చెందుతుంది.

అందుకే ఇలా రాయండి. తేదీ, టైము, చోటు మొదట. తరవాత చూసిన రంగు, కాళ్లు, ముక్కు, కదలిక, అరుపు. ఆ తరవాతే పేరు, అదీ నమ్మకం కుదిరితేనే. కుదరకపోతే "మట్టిరంగు చిన్న పిట్ట, కంటి మీద తెల్లగీత" అని వదిలేయండి. పేరు తెలియని పక్షిని తెలియనట్టే ఉంచగలగడం వ్యక్తిత్వానికి పెద్ద బలం. మీటింగులో తెలియని సంగతి తెలియదని చెప్పగలిగే ధైర్యానికి ఇక్కడే పునాది పడుతుంది.

విన్నదాన్ని వేరే వరసలో రాయండి. తీతువు పిట్ట ఎత్తు మీద గుడ్లు పెడితే వానలు బాగా పడతాయని గుజరాత్ రైతులు చెబుతారు. అది విలువైన మాట. అయినా మీరు చూసిన సంగతి కాదు. "కాకా చెప్పారు" అని రాసి ఉంచండి. ఫోనులో మెర్లిన్ యాప్ పక్షి గొంతు విని పేరు చెప్పినా అంతే. యాప్ చెప్పింది వేరు, మీరు కళ్లారా చూసింది వేరు. ఖాయమైన రికార్డుల్ని ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో చేరిస్తే పరిశోధకులకూ ఉపయోగపడతాయి. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు మొదలుపెట్టడానికి మంచి సందర్భం.

దాటకూడని గీతలు

ఐతన్న పట్టుకున్న కలివికోడి ఎన్నో రోజులు బతకలేదు. మనం దాని కథను ఎంత సంతోషంగా చెప్పుకున్నా ఈ సంగతి మరవకూడదు. పక్షుల్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దసరాకు బోనులో తెచ్చి చూపించే పాలపిట్టకు డబ్బులివ్వడమంటే పట్టేవాడికి కూలి ఇచ్చినట్టే.

గూడు కనిపిస్తే దూరం నుంచే వెనక్కి తిరగండి. ఫొటో కోసం కొమ్మలు తప్పించకండి. ఫోనులో అరుపు వినిపించి పక్షిని రప్పించకండి. తన చోటుకు పోటీ వచ్చిందని బెదిరి అది గూడు వదిలేయవచ్చు. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి, రాత్రి టార్చి వేయకండి. అరుదైన పక్షి దొరికితే ఖచ్చితమైన చోటును సోషల్ మీడియాలో పెట్టకండి. పంట ఉన్న చేలో దిగేముందు రైతును అడగండి. ఆయన వద్దంటే దండం పెట్టి గట్టు మీదే నిలబడండి.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: రోజూ ఒకే చోట ఇరవై నిమిషాలు కూర్చోండి. మిద్దె మీదైనా సరే, కాలవ గట్టయినా సరే. బైనాక్యులర్ వద్దు, పేర్లు వద్దు. ఏ పక్షి నేల మీద తిరుగుతుంది, ఏది తీగ మీద వాలుతుంది, ఏది పొద దాటి బయటికి రాదు? అదొక్కటే గమనించండి.

రెండో వారం: చూపించే మనిషిని వెతికి ఒక పొద్దు ఆయన వెనక నడవండి. మీ ప్రశ్నల్ని నడక అయిపోయాక అడగండి. ఆయన ఏ పక్షిని ఏ పేరుతో పిలుస్తాడో ఆయన అన్నట్టే రాసుకోండి.

మూడో వారం: నోట్‌బుక్ మొదలుపెట్టండి. చూసింది, విన్నది రెండు వరసలు. రోజు చివర మళ్లీ చదివి, ఖాయంగా చెప్పలేని పేరు ఏదైనా ఉంటే కొట్టేయండి.

నాలుగో వారం: మీ ఇంటి పిల్లల్ని గానీ, పనిలో తోటివాళ్లని గానీ వెంటబెట్టుకు వెళ్లండి. ఈసారి చూపించేది మీరు. చెట్టు, రాయి, నీడ వరసలో చెప్పి, వాళ్లకు దొరికేదాకా ఆగండి. మీకు ఎంత తెలుసో, ఎంత తెలియదో ఆ రోజు స్పష్టంగా తేలుతుంది.

నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైనా ఒక వరస తప్పకుండా ఉండాలి: చూపించినవారు ఎవరు. ఆయన ఒప్పుకుంటే పేరు రాయండి, లేదంటే "గట్టు మీది కాకా" అని రాయండి. డేవిడ్‌సన్ పేరును ఒకడు చెరిపేశాడు. ఐతన్న పేరును ఒకరు నిలిపారు. మొదటివాడి మాటను ఇప్పుడు ఎవరూ నమ్మరు. రెండో ఆయన రికార్డు దగ్గరే కలివికోడి గురించిన ప్రతి పరిశోధనా మొదలవుతుంది. నేర్చుకున్నది ఎవరి దగ్గరో చెప్పగలిగినవాడికి తరవాతి పాఠం చెప్పడానికి మనుషులు ముందుకొస్తారు. పొలంలోనైనా, పనిచేసే చోటైనా ఇదే నియమం.